క్యారవాన్‌లో ఏ బ్యాటరీ వేయించాలి?

ప్రశ్న: మేము మెల్‌బోర్న్ పశ్చిమాన టార్నెట్‌లో ఉంటాం. నేను, మా ఆయన, ఇద్దరు పిల్లలు. నిరుడు 12 ఏళ్ళ పాత క్యారవాన్ ఒకటి కొన్నాం. కరెంటు ఉన్న సైట్లలో ఏ ఇబ్బందీ లేదు. వేసవి సెలవుల్లో మర్రీ నది ఒడ్డున కరెంటు లేని చోట దిగితే రెండో రాత్రికే ఫ్రిజ్ ఆగిపోయింది. పాలు, పెరుగు, ఇడ్లీ పిండి అన్నీ పారబోశాం. మంచం కింద 100 ఏహెచ్ ఏజీఎం బ్యాటరీ ఉంది, వయసు ఐదేళ్ళు. పైకప్పు మీద 150 వాట్ల సోలార్ ప్యానెల్ ఉంది. కారు నుంచి క్యారవాన్‌కి కరెంటు తెచ్చే యాండర్సన్ ప్లగ్ ఉంది కానీ డీసీ-డీసీ చార్జర్ లేదు. షాపులో అడిగితే 300 ఏహెచ్ లిథియం, 2,000 వాట్ల ఇన్వర్టర్ పెట్టించమన్నారు. స్నేహితులొకరు ఇంకో ఏజీఎం జత చేస్తే చాలన్నారు. మిక్సీ, రైస్ కుక్కర్, కెటిల్ కూడా నడవాలని మా ఆయన కోరిక. వచ్చే జనవరిలో మా మామగారు హైదరాబాద్ నుంచి వస్తున్నారు. ఆయన రాత్రిళ్ళు సీప్యాప్ మెషిన్ (నిద్రలో ఊపిరి ఆగకుండా గాలి అందించేది) పెట్టుకుని పడుకుంటారు. మధ్యలో కరెంటు పోతే ఎలా అని నాకు టెన్షన్‌గా ఉంది. ఏది కొనమంటారు?

జవాబు: ముందు మీ ఫ్రిజ్ ఎందుకు ఆగిందో చూద్దాం. ఏ బ్యాటరీ కొనాలో కూడా దాన్నిబట్టే తేలుతుంది.

ఏహెచ్ అంటే యాంప్-అవర్. బ్యాటరీ మీద 100 ఏహెచ్ అని రాసి ఉంటే, 5 యాంపుల చొప్పున 20 గంటలు ఇవ్వగలదని అర్థం. లెడ్ బ్యాటరీల విషయంలో ఈ లెక్క నెమ్మదిగా వాడినప్పుడే నిజమవుతుంది. ఒక్కసారిగా ఎక్కువ లాగితే అంత రాదు. ఏజీఎం కూడా లెడ్ బ్యాటరీయే. దాన్ని సగానికి మించి ఖాళీ చేస్తూ పోతే త్వరగా పాడవుతుంది. కాబట్టి కొత్తదైనా మీకు నికరంగా దక్కేది 50 ఏహెచ్. ఐదేళ్ళు వాడినది ఇంకా తక్కువే ఇస్తుంది.

ఇప్పుడు వేసవిలో మీ వాడకం చూడండి. 150 లీటర్ల కంప్రెసర్ ఫ్రిజ్ అయితే వేడి రోజున 50 నుంచి 60 ఏహెచ్ తాగుతుంది. రెండు 12 వోల్టుల ఫ్యాన్లకు 10, ఎల్‌ఈడీ లైట్లకు 5, నీళ్ళ పంపుకు 3, ఫోన్లు, పిల్లల ట్యాబ్‌లకు 10. మామగారి మెషిన్‌కి మరో 10. మిక్సీ రోజుకి ఐదు నిమిషాలు తిప్పితే 6. అంతా కలిపితే దాదాపు 100 ఏహెచ్. పైకప్పు మీది 150 వాట్ల ప్యానెల్ జనవరిలో పూర్తి ఎండలో ఉంటే రోజుకి 50 ఏహెచ్ దాకా ఇస్తుంది. కానీ నది ఒడ్డున అందరూ చెట్ల నీడ వెతుక్కునే దిగుతారు. నీడలో ఆ ప్యానెల్ 10, 15 ఇస్తే గొప్ప. ఆ లెక్కన రెండో రాత్రి దాకా ఫ్రిజ్ నడిచిందంటే మీ పాత బ్యాటరీ తన పని బాగానే చేసినట్టు.

నీడ మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. మర్రీ ఒడ్డున ఉండే పెద్ద రివర్ రెడ్ గమ్ చెట్ల కింద క్యారవాన్ ఆపకండి. గాలి లేని వేడి రోజున కూడా వాటి కొమ్మలు హఠాత్తుగా విరిగి పడతాయి, మనుషులు చనిపోయిన సందర్భాలున్నాయి. చెట్టుకు దూరంగా ఎండలో ఆపి గుడారపు పందిరి దింపుకోండి. పిల్లలకు భద్రం, ప్యానెల్‌కి ఎండ.

మీ స్నేహితులు చెప్పినట్టు పాత ఏజీఎం పక్కన కొత్త ఏజీఎం జత చేయడం నేను ఒప్పుకోను. రెండూ కలిపి కడితే పాతది కొత్తదాన్ని తన స్థాయికి లాగేస్తుంది. ఏడాది తిరిగేసరికి రెండూ మార్చాల్సి రావచ్చు. బరువూ ఎక్కువే, ఒక్కో 100 ఏహెచ్ ఏజీఎం 30 కిలోల దాకా తూగుతుంది. రెండు కలిపి 60 కిలోలు మోసి మీరు వాడుకోగలిగేది 100 ఏహెచ్.

లిథియం అంటే క్యారవాన్‌లలో వేసేది లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం. షాపుల్లో ఎల్‌ఎఫ్‌పీ అనో, లైఫ్‌పో4 అనో అంటారు. ఎలక్ట్రిక్ స్కూటర్లు, ఈ-బైకులు తగలబడిన వార్తలు చూసి చాలామంది భయపడతారు. వాటిలో ఎక్కువగా వాడేవి నికెల్ కలిసిన వేరే రకం లిథియం సెల్స్. ఎల్‌ఎఫ్‌పీ వేడికి వాటికన్నా బాగా తట్టుకుంటుంది. ప్రమాదం అసలే లేదని అనను, అందుకే ఎక్కడ పెట్టాలన్నది కింద విడిగా రాశాను. 100 ఏహెచ్ ఎల్‌ఎఫ్‌పీ 11 నుంచి 13 కిలోలు ఉంటుంది, 80 శాతానికి పైగా వాడుకోవచ్చు. సరిగ్గా వాడితే రెండు వేల సార్లకు పైగా చార్జ్ అయి ఖాళీ అవుతుంది. కొన్నేళ్ళ కిందటితో పోలిస్తే ధర కూడా బాగా దిగింది. వాడుకోగలిగే ఒక్కో ఏహెచ్‌కి ఎంత పడుతుందో లెక్క వేస్తే ఏజీఎం చవక అనే మాట ఇప్పుడు నిలబడదు. ఏడాదికి రెండుసార్లు, అదీ ఒక్కో రాత్రి మాత్రమే కరెంటు లేని చోట ఉండేవాళ్ళకైతే ఏజీఎం చాలు. మీ అవసరం అంతకు మించినది.

అలాగని 300 ఏహెచ్ కూడా అక్కర్లేదు. మీకు 200 సరిపోతుంది. అందులో 160 హాయిగా వాడుకోవచ్చు. రోజు వాడకం 100, పైకప్పు ప్యానెల్ నుంచి 50, దానితోపాటు నేల మీద పరుచుకునే 200 వాట్ల సోలార్ బ్లాంకెట్ ఒకటి తీసుకుంటే ఇంకో 60 వరకూ వస్తుంది. ఎండ కాస్తే ఎన్ని రోజులైనా ఉండవచ్చు. రెండు రోజులు మబ్బు పట్టినా గండం గడుస్తుంది. ఇక జూన్‌లో కింగ్స్ బర్త్‌డే లాంగ్ వీకెండ్ చూద్దాం. అప్పుడు ఫ్రిజ్ 30 చాలు, ఫ్యాన్లు ఉండవు, డీజిల్ హీటర్ ఉంటే 15 దాకా, పొద్దు త్వరగా కుంకుతుంది కాబట్టి లైట్లకు ఎక్కువ. మొత్తం 70 అనుకోండి. మెల్‌బోర్న్ చలికాలపు సూర్యుడు వాలుగా ఉంటాడు, పైకప్పు మీద వెల్లకిలా పడుకున్న ప్యానెల్ 15 ఇస్తే సంతోషం. రోజుకి 55 తరుగు. మూడు రాత్రులకు 165, మీ 160 దాదాపు సరిపోతుంది. షాపువాళ్ళు చెప్పిన మూడో వందకి పెట్టే డబ్బు చార్జింగ్ మీద పెట్టండి.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది కూడా చార్జింగే. అందరూ బ్యాటరీ గురించే అడుగుతారు. మేడ మీద ట్యాంకు ఎంత పెద్దది కట్టించినా మోటారు నీళ్ళు ఎక్కించకపోతే కుళాయిలో ఏం వస్తుంది? కారు నుంచి మీ బ్యాటరీకి ఇప్పుడు వస్తున్నది దాదాపు ఏమీ లేదనే నా అనుమానం. ఇంజన్ నడుస్తుంటే కరెంటు తయారుచేసేది ఆల్టర్నేటర్. ఇప్పటి కార్లలో చాలావాటికి స్మార్ట్ ఆల్టర్నేటర్లు ఉంటాయి. కారు బ్యాటరీ నిండగానే అవి వోల్టేజీ తగ్గించేస్తాయి. అక్కడి నుంచి క్యారవాన్ దాకా పొడుగాటి వైరులో ఇంకొంత పోతుంది. ఎల్‌ఎఫ్‌పీ నిండడానికి 14.2 నుంచి 14.6 వోల్టులు కావాలి. అది అందదు. ఒకవేళ ఆల్టర్నేటర్ పాతకాలపుదైతే ఇంకో చిక్కు, లిథియం అడ్డూఅదుపూ లేకుండా కరెంటు లాగి ఆల్టర్నేటర్‌ని వేడెక్కించేస్తుంది. రెండిటికీ మందు డీసీ-డీసీ చార్జర్. కారు నుంచి వచ్చే వోల్టేజీని బ్యాటరీకి కావలసినంతకు మార్చి, లాగే కరెంటుకు హద్దు పెడుతుంది. 25 యాంపులది చాలు. మెల్‌బోర్న్ నుంచి మర్రీ ఒడ్డునున్న కోబ్రమ్ దాకా 250 కిలోమీటర్లు, క్యారవాన్ లాగుతూ మూడు గంటల పైమాటే. ఆ ప్రయాణంలోనే 75 ఏహెచ్ ఎక్కుతుంది. నడుస్తున్న ఫ్రిజ్ వాటా తీసేసినా 65 మిగులుతుంది. దిగేసరికి బ్యాటరీ దాదాపు నిండుగా ఉంటుంది.

ఈ చార్జర్‌ని క్యారవాన్‌లో, బ్యాటరీకి దగ్గరగా బిగించాలి. వైరు దగ్గర జాగ్రత్త. ఇక్కడి ఆటో షాపుల్లో '6 ఎంఎం ఆటో కేబుల్' అని అమ్మేదానిలో 6 అనేది పైన తొడుగుతో కలిపి వైరు మందం. లోపల రాగి 4.6 చదరపు మిల్లీమీటర్లే. దాంతో కారు ముందు నుంచి క్యారవాన్ దాకా 8 మీటర్లు వేస్తే, రానూపోనూ 16 మీటర్లలో 25 యాంపుల దగ్గర ఒకటిన్నర వోల్టు దారిలోనే పోతుంది. 6 బీ అండ్ ఎస్ అని అడిగి తీసుకోండి. అందులో రాగి 13 చదరపు మిల్లీమీటర్లకు పైనే, నష్టం అర వోల్టుకు దిగుతుంది. మీ యాండర్సన్ ప్లగ్‌కి ఇప్పుడున్న వైరు ఏ సైజో ముందు చూడండి.

పాత క్యారవాన్‌లో ఉన్న 240 వోల్టుల చార్జర్, సోలార్ రెగ్యులేటర్ రెండూ లెడ్ బ్యాటరీ కోసం పెట్టినవే అయి ఉంటాయి. వాటికి లిథియం సెట్టింగ్ ఉందో లేదో చూడాలి. లెడ్ బ్యాటరీలకు అప్పుడప్పుడు ఎక్కువ వోల్టేజీతో చేసే ఈక్వలైజేషన్ లిథియంకి పనికిరాదు, దాన్ని ఆపేసే వీలు లేకపోతే చార్జర్ మార్చండి. రెగ్యులేటర్ మార్చాల్సి వస్తే ప్యానెల్ నుంచి వీలైనంత ఎక్కువ రాబట్టే ఎంపీపీటీ రకం తీసుకోండి, మబ్బు రోజుల్లో తేడా తెలుస్తుంది.

వంటింటి విషయానికి వద్దాం. ఇక్కడ మీ ఆయనతో కాస్త గట్టిగానే మాట్లాడాలి. 2,000 వాట్ల కెటిల్ 12 వోల్టుల బ్యాటరీ నుంచి 180 యాంపుల పైన లాగుతుంది. 200 ఏహెచ్ బ్యాటరీలు చాలావాటిలో లోపలుండే కాపలా సర్క్యూట్, దాన్నే బీఎంఎస్ అంటారు, 100 యాంపుల దగ్గరో 150 దగ్గరో ఆపేస్తుంది. ఆపకపోయినా, లీటరు నీళ్ళు మరిగించడానికి 10 ఏహెచ్. ఇంట్లోలాగే రోజుకి నాలుగుసార్లు టీ పెడితే దాదాపు ఒక ఫ్రిజ్ ఖర్చు. 700 వాట్ల రైస్ కుక్కర్‌లో ఒక్కసారి అన్నం వండితే 25 నుంచి 30 ఏహెచ్. ఇవన్నీ గ్యాస్ మీద చేసుకోండి. అన్నం, పప్పు, ఇడ్లీ ప్రెషర్ కుక్కర్‌లో అయిపోతాయి, 9 కిలోల గ్యాస్ సిలిండర్ ఒక సెలవుకి బోలెడంత. మిక్సీ మాత్రం బ్యాటరీ మీద నడపడం సమంజసమే, ఎందుకంటే అది తిరిగేది నిమిషాలే. దానికి 1,000 వాట్ల ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్ చాలు, మొదటి క్షణంలో దానికి రెట్టింపు ఇవ్వగలిగేది చూసుకోండి. జార్ నిండా వేయకుండా తక్కువ స్పీడులో మొదలుపెడితే మోటారు ఒక్కసారిగా లాగదు. మాడిఫైడ్ సైన్ వేవ్ అని చవకగా దొరికేవి వద్దు, వాటితో మోటారు వేడెక్కుతుంది. మనదేశం నుంచి తెచ్చుకున్న మిక్సీ అయినా ఇబ్బంది లేదు, ఇక్కడా 230 వోల్టులు, 50 హెర్ట్‌జ్‌లే. పని అయ్యాక ఇన్వర్టర్ స్విచ్ ఆపేయండి. ఊరికే ఆన్‌లో ఉంచితే గంటకు దాదాపు ఒక ఏహెచ్ తినేసే ఇన్వర్టర్లు ఉన్నాయి, రోజంతా అలా వదిలేస్తే 20 ఏహెచ్ పైన వృథా.

మీ పాత బ్యాటరీ మంచం కింద ఉందన్నారు. కొత్త లిథియంని తీసుకెళ్ళి అదే చోట పెట్టించకండి, ఎవరు చెప్పినా సరే. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లకు 2022లో వచ్చిన ఏఎస్/ఎన్‌జడ్‌ఎస్ 3001.2 అనే ప్రమాణం ప్రకారం లిథియం బ్యాటరీ మనుషులు పడుకునే, కూర్చునే భాగంలోకి తెరుచుకునే చోట ఉండకూడదు. లోపల గూడు కట్టి పెట్టాల్సి వస్తే ఆ గూడు గదివైపు పూర్తిగా మూసి ఉండాలి, గాలి బయటికే పోవాలి. బ్యాటరీలో ఏదైనా తేడా వచ్చి పొగ వస్తే పిల్లలు నిద్రపోతున్న చోటికి అది రాకూడదన్నదే దీని ఉద్దేశం. ఈ రూల్ పట్టించుకోకుండా బిగిస్తే రేపు ఇన్సూరెన్స్ దగ్గర కూడా చిక్కు రావచ్చు. క్యారవాన్ ముందు భాగంలో బయటి నుంచి తెరుచుకునే సామాన్ల అర (బూట్) మంచి చోటు. అయితే బరువు ముందుకు వెళ్తే కారు వెనక క్యారవాన్ తగిలించే టో బాల్ మీద భారం పెరుగుతుంది. కాబట్టి బిగించాక ఒకసారి తూకం వేయించండి. లిథియంతో మీకు బరువు పెద్దగా పెరగదు. పాత 30 కిలోలు తీసి 25 పెడుతున్నారు.

బ్యాటరీ పాజిటివ్ టెర్మినల్‌కి వీలైనంత దగ్గరలో ఫ్యూజు తప్పనిసరి. లిథియం షార్ట్ అయితే వచ్చే కరెంటు చాలా ఎక్కువ, మామూలు ఫ్యూజు తెగినా లోపల మెరుపు ఆగకపోవచ్చు. క్లాస్ టీ ఫ్యూజు అడగండి. ఇన్వర్టర్ నుంచి గోడ ప్లగ్గులకు వెళ్ళే 240 వోల్టుల వైరింగ్‌ని లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియనే చేయాలి, అది చట్టం. 12 వోల్టుల పని కూడా క్యారవాన్‌లు చేసి అలవాటున్న ఆటో ఎలక్ట్రీషియన్‌కి ఇవ్వడమే మేలు.

చలి సంగతి. ఎల్‌ఎఫ్‌పీ బ్యాటరీని సున్నా డిగ్రీల లోపు చార్జ్ చేస్తే లోపల శాశ్వతంగా దెబ్బతింటుంది. వాడుకోవడానికి అభ్యంతరం లేదు, ఎక్కించడమే కూడదు. పిల్లలకు మంచు చూపిద్దామని జూలైలో బ్రైట్ వైపో, జిందబైన్ వైపో వెళ్తే తెల్లవారేసరికి సున్నా కిందికి పోవడం అక్కడ మామూలే. అందుకే చలికి చార్జింగ్‌ని తనంతట ఆపేసే బీఎంఎస్ ఉందా అని కొనేముందు రాతపూర్వకంగా అడగండి. కొన్ని చవక బ్యాటరీలలో అది ఉండదు. వేడికి కూడా హద్దుంది, చాలావాటికి చార్జింగ్ 45 డిగ్రీల దాకానే. కాబట్టి కారు బానెట్ కింద ఎప్పుడూ పెట్టకూడదు.

కొనేటప్పుడు ఇంకో రెండు చూడండి. ఒకటి బరువు. 100 ఏహెచ్ అని రాసి 8 కిలోలే తూగుతుంటే లోపల అంత సరుకు లేదని అనుమానించాలి. రెండోది గ్యారంటీ. ఆస్ట్రేలియాలో దుకాణం ఉన్నవాళ్ళ దగ్గర కొంటే ఇక్కడి వినియోగదారుల చట్టం మీ వెనక ఉంటుంది. ఆన్‌లైన్‌లో పరాయి దేశపు అమ్మకందారు దగ్గర కొని పాడైతే, 25 కిలోల లిథియం బ్యాటరీని తిరిగి పంపడం మామూలు పార్సిల్ పంపినంత తేలిక కాదు. ఒక్క 200 తీసుకోవాలా, రెండు 100లా అంటే, మామగారి మెషిన్ దృష్ట్యా నేను రెండు 100లే అంటాను. ఒకదాని బీఎంఎస్ ఆగిపోయినా రెండోది నడుస్తుంది. రెండూ ఒకే కంపెనీవి, ఒకేసారి కొన్నవి కావాలి. పాజిటివ్ వైరు ఒకదాని నుంచి, నెగెటివ్ రెండోదాని నుంచి తీయించండి, అప్పుడే రెండూ సమానంగా పని చేస్తాయి.

వీటితోపాటు షంట్ ఉన్న బ్యాటరీ మానిటర్ తప్పక పెట్టించండి. ఏజీఎం అయితే వోల్టేజీ చూసి ఎంత మిగిలిందో ఊహించవచ్చు, 12.2 దగ్గరికి వస్తే సగం అయిపోయినట్టు. లిథియంకి ఆ పప్పులుడకవు. 70 శాతం ఉన్నా, 40 శాతం ఉన్నా అటూఇటూగా 13.2 దగ్గరే చూపిస్తుంది, చివర్లో ఒక్కసారిగా పడిపోతుంది. షంట్ లోపలికొచ్చిన ప్రతి యాంపునూ, బయటికెళ్ళిన ప్రతి యాంపునూ లెక్క కట్టి శాతం చూపిస్తుంది.

ఇక మీ టెన్షన్. సీప్యాప్‌ని ఇన్వర్టర్ మీద నడపకండి. తయారీ కంపెనీ అమ్మే డీసీ అడాప్టర్ కొనండి. కొన్ని మెషిన్లకు 24 వోల్టులు కావాలి, 12ని 24గా మార్చే కన్వర్టర్ ఆ కంపెనీదే ఉంటుంది. మామగారి మెషిన్ మోడల్ నంబరు ఇప్పుడే కనుక్కుని ఆయన బయల్దేరేలోపు తెప్పించి ఉంచండి. పైన నేను 10 ఏహెచ్ అని వేసింది హ్యుమిడిఫైయర్, వేడి ట్యూబ్ లేకుండా. అవి కూడా ఆన్‌లో ఉంటే రాత్రికి 30 దాటవచ్చు. క్యాంపులో ఉన్న రోజుల్లో అవి ఆపవచ్చా అని ఆయన్ని చూసే డాక్టరుని అడగండి. ఆపకూడదంటే ఆ 20 అదనంగా లెక్కలో కలుపుకోండి. జనవరిలో ఎండలు బాగానే ఉంటాయి కాబట్టి 200 ఏహెచ్‌లోనే సర్దుకుంటుంది, సోలార్ బ్లాంకెట్ మాత్రం మానకండి.

ఆయన వచ్చిన వారంలో ఒక రాత్రి క్యారవాన్‌ని డ్రైవ్‌వేలోనే ఉంచి, ఇంటి నుంచి క్యారవాన్‌కి వచ్చే కరెంటు ప్లగ్ తీసేసి, ఫ్రిజ్ నింపి ఆయన్ని అందులోనే పడుకోమనండి. పడుకునేముందు మానిటర్‌లో శాతం రాసుకోండి, పొద్దున్నే మళ్ళీ చూడండి. ఫ్రిజ్, ఫ్యాన్, మెషిన్ కలిపి రాత్రికి 200లో 40 ఏహెచ్ లోపు, అంటే 20 శాతం లోపు తగ్గితే నిశ్చింతగా బయల్దేరవచ్చు. అంతకన్నా ఎక్కువ తగ్గితే మళ్ళీ ఉత్తరం రాయండి, మెషిన్ మోడల్, ఫ్రిజ్ మోడల్, ఆ రెండు అంకెలూ అందులో ఉండాలి.